గణిత సాధనలో తోటి విద్యార్థుల సాయం: హద్దులు, ఫలితాలు

ఇంటర్మీడియట్ ఎంపీసీ స్థాయికి వచ్చిన విద్యార్థుల్లో చాలామందికి సూత్రాలు కంఠస్థమై ఉంటాయి గాని, కొత్త లెక్క ఎదురైనప్పుడు వాటిలో దేన్ని ఎక్కడ ప్రయోగించాలో తోచదు. అలా తోచని చోట అధ్యాపకుడికంటే పక్క బెంచీ విద్యార్థి ఎక్కువ అక్కరకు వచ్చే సందర్భాలు ఉన్నాయి. ఏళ్ల తరబడి అదే లెక్క చెబుతున్న అధ్యాపకుడికి కష్టంగా కనిపించడం మానేసిన మెట్టును, ఆ విద్యార్థి నిన్నగాక మొన్ననే ఎక్కి ఉంటాడు. అయితే తెలుగు రాష్ట్రాల్లోని ప్రవేశపరీక్షల శిక్షణలో వారాంతపు పరీక్షల ర్యాంకులు, మార్కులను బట్టి మారిపోయే సెక్షన్లు తోటివారిని పోటీదారులుగానే చూడటం నేర్పుతున్నాయి. లక్షల మంది రాసే పరీక్షలో ఒక మిత్రుడికి సందేహం తీర్చినందువల్ల తన ర్యాంకు దిగజారుతుందన్న భయానికి లెక్కల ప్రకారం కూడా ఆధారం లేదు.

ఈ విషయంలో తరచూ ప్రస్తావనకు వచ్చే పరిశీలన అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో జరిగింది. కలన గణితంలో, అంటే అవకలనం, సమాకలనం బోధించే తొలి ఏడాది కోర్సులో, నల్లజాతి విద్యార్థులు ఎందుకు వెనకబడుతున్నారో తెలుసుకోవడానికి గణితవేత్త యూరీ ట్రైస్‌మన్ 1970ల్లో విద్యార్థుల చదువు తీరును దగ్గరగా గమనించాడు. శ్రద్ధ లేకపోవడమో, ఇంటి నేపథ్యమో కారణమని చాలామంది అధ్యాపకులు అనుకున్నారు గాని, ఆ విద్యార్థులు కష్టపడుతూనే ఉన్నారనీ, కాకపోతే ఎవరికి వారు ఒంటరిగా చదువుకుంటున్నారనీ, బాగా రాణిస్తున్న చైనా మూలాల విద్యార్థులు మాత్రం మొదట విడివిడిగా లెక్కలు చేసి, ఆ తరువాత కలిసి కూర్చుని ఒకరి తప్పులు మరొకరు దిద్దుకుంటున్నారనీ తేలింది. దాని ఆధారంగా ఏర్పాటైన బృంద సాధన తరగతుల్లో పాత పాఠాలు మళ్లీ చెప్పడానికి బదులు మరింత కఠినమైన లెక్కలు ఇచ్చారు, ఫలితాలు మెరుగుపడ్డాయి.

విడివిడిగా చేయడం ముందు, కలిసి కూర్చోవడం తరువాత అన్న ఈ క్రమాన్ని తిరగేస్తే బృంద చదువు కబుర్లుగా మారుతుంది. క్రమం పాటించినప్పుడు ఏం జరుగుతుందో ప్రస్తారాలు, సంయోగాల అధ్యాయంలోని ఒక లెక్క చూపుతుంది. మూడు ధన పూర్ణాంకాల మొత్తం 10 కావాలంటే వాటిని ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చు అన్న ప్రశ్నకు, వరుసక్రమం మారితే దాన్ని వేరొక విధం కింద లెక్కించాలన్న నియమంతో, ఒకరికి 36, మరొకరికి 66 వచ్చాయనుకుందాం. జవాబుల పట్టిక చూస్తే 66 తప్పని తెలుస్తుంది గాని, ఎందుకు తప్పో తెలియదు. ఇద్దరూ తమ పద్ధతులు పక్కపక్కన పెట్టుకుంటే అసలు తేడా బయటపడుతుంది. 10 గోళీలను వరుసగా పేర్చితే మధ్యలో 9 ఖాళీలు ఉంటాయి, వాటిలో 2 చోట్ల గీత పెడితే మూడు భాగాలు వస్తాయి కాబట్టి మొదటివారికి 36 వచ్చింది. రెండోవారు ఒక భాగం సున్నా కావడానికి కూడా ఒప్పుకున్నారు. అప్పుడు ప్రతి భాగానికి 1 కలిపి, 13 గోళీలకు 12 ఖాళీల నుంచి 2 ఎంచుకోవాలి, అది 66. అంటే రెండోవారు చేసిన గణన సరైనదే, అది జవాబిచ్చిన ప్రశ్న వేరు. ధన పూర్ణాంకం, రుణేతర పూర్ణాంకం అన్న రెండు మాటల తేడాను ఆ తరువాత ఆ ఇద్దరిలో ఎవరూ మరిచిపోరు.

సాయం చేసేవారు ఎక్కడ ఆగాలన్నది ఇంతకంటే చిక్కు ప్రశ్న. సైన్‌ను, సైన్ కాస్‌ల మొత్తంతో భాగించి, 0 నుంచి పై బై 2 వరకు నిశ్చిత సమాకలనం కట్టమన్నప్పుడు, అంటే ఆ హద్దుల మధ్య వక్రరేఖ కింది వైశాల్యం అడిగినప్పుడు, సైన్, కాస్‌లు చోటు మార్చుకుంటే ఏమవుతుందని అడగడం తొలి సూచన. అప్పటికీ అందకపోతే ఎక్స్ బదులు పై బై 2 మైనస్ ఎక్స్ ప్రతిక్షేపించమనడం రెండో సూచన. రెండు రూపాలనూ కలిపితే లోపలి ప్రమేయం 1 అవుతుందనీ, మొత్తం పై బై 2 కాబట్టి జవాబు అందులో సగమైన పై బై 4 అనీ అడిగినవారే రాబట్టుకోవాలి. పూర్తి సాధనను ఫోన్‌లో ఫొటో తీసి పంపడం ఈ రోజుల్లో జరిగే అతి సులువైన సాయం, బహుశా అతి తక్కువ పనికొచ్చేది కూడా. అలా అందుకున్నవారు సైన్ స్థానంలో సైన్ ఘనం, కాస్ స్థానంలో కాస్ ఘనం కనిపిస్తే, జవాబు మారదన్న సంగతి పట్టలేక మళ్లీ మొదటికొస్తారు.

బృందంలో ముగ్గురు, నలుగురు చాలు. ఎప్పుడూ ఒకరే చెప్పేవారు, మిగతావారు వినేవారు అయితే అది మరో ట్యూషన్ అవుతుంది.

అన్ని పరీక్షలకూ ఈ సాధన ఒకేలా ఉపయోగపడదు. ఎప్‌సెట్ ఇంజినీరింగ్ విభాగంలో 3 గంటల్లో చేయాల్సిన 160 ప్రశ్నల్లో 80 గణితానివే కాబట్టి అక్కడ వేగం ముఖ్యం, వేగం ఒంటరిగా గడియారం ముందు పెట్టుకుంటేనే వస్తుంది. గణిత ఒలింపియాడ్ దారి అందుకు భిన్నం: ఐఓక్యూఎమ్ అనే తొలి అంచె దాటాక వచ్చే ప్రాంతీయ, జాతీయ పరీక్షల్లో నిరూపణ, అంటే ప్రతి మెట్టుకూ కారణం చూపే సాధన, రాయాలి. భారత గణాంక సంస్థ బీస్టాట్, బీమ్యాథ్ కోర్సుల ప్రవేశపరీక్షలోనూ, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశపరీక్షలోనూ వివరంగా రాయాల్సిన ప్రశ్నలు ఉంటాయి. తన నిరూపణలోని లొసుగు రాసినవారికి సాధారణంగా కనిపించదు; మిత్రుడు చదివి, ఈ మెట్టు ఎలా వచ్చిందని నిలదీసినప్పుడే దొరుకుతుంది. బీమా సంస్థల నష్టభయాన్ని అంచనా వేసే యాక్చువరీ పనిలోనూ, ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు పరిశీలించే సాఫ్ట్‌వేర్ కొలువుల్లోనూ రోజువారీ పనిలో కొంత ఇలాంటిదే.

ఐఓక్యూఎమ్ ఇటీవలి ఏళ్లలో సెప్టెంబరు తొలి రోజుల్లో జరుగుతోంది. ఆసక్తి ఉన్నవారు కళాశాల తెరిచిన జూన్‌లోనే మరో ఇద్దరిని తోడుగా వెతుక్కుని, వారానికి నాలుగు కఠినమైన లెక్కలతో మొదలుపెట్టాలి.