ఇంటి వీడియో టేపులను డి.వి.డి.గా మార్చు విధానము

సీమంతము, పుట్టువెంట్రుకలు, పెండ్లి, గృహప్రవేశము - 1980వ దశకము మొదలు సుమారు ఇరువదియైదేండ్లపాటు మన యిండ్లలోని శుభకార్యము లెన్నియో వీడియో టేపుల కెక్కినవి. ఆ టేపులు నేడు అటకల మీదను, ఇనుపపెట్టెలలోను పడియున్నవి. వాటిని చూపగల యంత్రము మాత్రము పెక్కిండ్లలో లేదు. వి.హెచ్.ఎస్. పద్ధతి 1976లో జపానునందు వెలువడెను. ఆ యంత్రములను కడపటివరకు తయారుచేయుచుండిన ఫునాయి సంస్థ 2016 జూలైలో ఆ పనిని విరమించెను. కనుక పనిచేయు యంత్రము దొరకుచుండగనే టేపులను మార్చుకొనుట మేలు.

ఈ పనిలో సామాన్యముగా అందఱును చిత్రముపైననే దృష్టి నిలుపుదురు. మనకు ధ్వని అంతకంటె ముఖ్యము. మన కుటుంబములు తరతరములుగా తమిళనాట స్థిరపడినవి. బడిలో పిల్లలు పుస్తకముల తెలుగు నేర్చుకొనుచున్నారు. అవ్వలు, తాతలు ఇంట మాటలాడిన తెలుగు ఆ పుస్తకములలో దొరకదు. పెద్దల రూపము ఛాయాచిత్రములలోనైన నిలిచియుండును. వారు పాడిన మంగళహారతి, వియ్యాలవారి పాట, పందిటిలో ఒకరినొకరు పిలుచుకొనిన తీరు మాత్రము ఈ టేపులలోనే మిగిలియుండవచ్చును. కావున ఈ పాఠమున కంతటికిని సూత్ర మొక్కటియే: పట్టునపుడు ధ్వనిని కుదింపరాదు, పంచునపుడు కుదింపవచ్చును.

1. టేపును సిద్ధపఱచుట

మొదట టేపు కిటికీగుండ లోనికి చూడవలెను. చుట్టపై తెల్లని పొడివలెనో, నూలుపోగులవలెనో కనబడినచో అది బూజు. అట్టి టేపును యంత్రములో పెట్టరాదు. యంత్రపు తలకు మురికి పట్టుటయేగాక, తరువాత పెట్టిన టేపులకు కూడ బూజు అంటును. దానిని అనుభవజ్ఞులచేత శుభ్రము చేయింపవలెను.

టేపు వెనుకభాగమున ఎడమ ప్రక్కనుండు చిన్న ప్లాస్టిక్ బిళ్లను విఱిచివేసినచో, పొరపాటున దానిపై వేఱొకటి ముద్రింపబడదు. పిమ్మట టేపును ఒకమాఱు చివరివరకు నడిపి, తిరిగి మొదటికి చుట్టవలెను. ఏండ్ల తరబడి కదలని పొరలు ఇందువలన సర్దుకొనును.

2. పట్టుట

టేపు యంత్రమునుండి వచ్చు తీగలలో పసుపుపచ్చనిది చిత్రమునకు, తెలుపు, ఎఱుపు ధ్వనికి. వీటిని వీడియో పట్టు పరికరమునకు కలిపి, దానిని యు.ఎస్.బి. ద్వారా కంప్యూటరునకు తగిలింపవలెను. యంత్రమునకు ఎస్-వీడియో ద్వారమున్నచో పసుపు తీగకు బదులు దానిని వాడిన చిత్రము మెఱుగుగా వచ్చును. ఇందు తొందరకు తావు లేదు. మూడు గంటల టేపును పట్టుటకు మూడు గంటలును పట్టును.

మన దేశపు పాల్ పద్ధతిలో సెకనుకు 25 చిత్రములు. డి.వి.డి.కి చిత్రపు కొలత 720 చుక్కల వెడల్పు, 576 గీతల ఎత్తు. ప్రతి చిత్రమునందును బేసి గీతలు ఒకమాఱు, సరి గీతలు ఒకమాఱు వచ్చును. పట్టినపు డున్న వరుసనే డి.వి.డి. చేయునపుడును ఉంచవలెను. వరుస తారుమారైనచో నడచు మనుష్యులు వెనుకకు ముందుకు ఊగినట్లు కనబడుదురు.

ధ్వనిని సెకనుకు 48,000 నమూనాలతో, 16 బిట్లతో, పి.సి.ఎమ్. అను కుదింపులేని రూపమున పట్టవలెను. 44,100 అనునది పాటల సి.డి. లెక్క, డి.వి.డి.కి అది పనికిరాదు. బిగ్గరగా వచ్చుచోట్ల కూడ ధ్వని మట్టము సున్న డెసిబెల్ గీతను తాకక, దానికి 6 మొదలు 12 డెసిబెళ్లు క్రిందుగా నుండునట్లు చూడవలెను. సున్నను దాటి పగిలిన ధ్వనిని పిదప ఎవరును సరిగా అతుకజాలరు. చిత్రమును, ధ్వనిని ఒకే పరికరముతో పట్టవలెను. వేఱువేఱుగా పట్టినచో కొంతసేపటికి పెదవుల కదలికకును మాటకును పొత్తు తప్పును.

మినీ డి.వి. టేపులు సంఖ్యారూపమున నున్నవే. వాటిని కెమెరానుండి ఫైర్‌వైర్ తీగద్వారా యథాతథముగా దింపుకొనవచ్చును. గంటకు సుమారు 13 గిగాబైట్ల చోటు కావలెను. కొన్నిటిలో ధ్వని 32,000 నమూనాలతో నుండును. దానిని 48,000కు మార్చవలెను.

3. కుదింపు ఎందులకు?

సామాన్యమైన ఒక డి.వి.డి.లో 4.7 గిగాబైట్లు పట్టును. రెండు గంటల వీడియోను అందులో నింపవలెనన్న, సెకనుకు సుమారు 5.2 మెగాబిట్లు మన వాటా. కుదింపని ధ్వనియే అందులో 1.5 మెగాబిట్లు మ్రింగును, చిత్రమునకు 3.7 మిగులును. అదే ధ్వనిని ఏ.సి.-3, అనగా డాల్బీ డిజిటల్ పద్ధతిలో 224 కిలోబిట్లకు కుదించినచో చిత్రమునకు సుమారు 5 మెగాబిట్లు దక్కును. రెండు గంటల ధ్వని 1,380 మెగాబైట్లనుండి 200 మెగాబైట్లకు దిగును. చిత్రము మసకబాఱకుండుటకు ఇది ఉపకరించును.

ఈ కుదింపు పనిచేయు విధమిట్టిది. మేళము మ్రోగుచుండగా ప్రక్కవాని గుసగుస వినబడదు. అట్లే బిగ్గరైన స్వరమునకు చేరువలోనున్న సన్నని స్వరమును చెవి గ్రహింపజాలదు. ఏ.సి.-3 పద్ధతి ధ్వనిని 1,536 నమూనాల తునుకలుగా, అనగా సెకనులో వేయింట 32 వంతుల కొకటిగా విభజించి, చెవికి అందని భాగమునకు తక్కువ బిట్లను కేటాయించును. విడిచిన దానిని మరల తెచ్చుట సాధ్యముకాదు.

కావుననే అతిగా కుదింపరాదు. స, శ, ష, చ వంటి అక్షరముల బలము హెచ్చు స్వరములలో నుండును. బిట్లు చాలనపుడు మొదట చెడునవి అవియే. అవ్వ పలికినది సకారమో శకారమో తెలియనపుడు ఆమె పలుకుబడిని నేర్చుకొను టెట్లు? 192కు తగ్గక, వీలైనచో 224 గాని 256 గాని ఎంచుకొనుట మంచిది. ముందు ఎమ్.పి.-3గా కుదించి, దానినే మరల ఏ.సి.-3గా కుదించినచో నష్టము రెండింతలగును.

ఇంకొక హెచ్చరిక. ఏ.సి.-3 తయారుచేయు సాధనములలో బిగ్గర, సన్న ధ్వనుల నడుమ భేదమును తగ్గించు వేఱొక కుదింపు కూడ కలదు. అది సినిమాలకై ఏర్పడినది. ఇంటి టేపులకు వాడినచో మాటల నడుమ టేపు గుసగుస పైకి లేచును. దానిని నిలిపివేయవలెను.

4. భద్రపఱచుట

డిస్కును నెమ్మదిగా వ్రాయించి, వేఱొక యంత్రములో మొదటినుండి తుదివరకు ఆడించి చూడవలెను. దానిపై కాగితపు చీటీ అంటింపక, మెత్తని కలముతో పేరు, తేది వ్రాయవలెను. వ్రాయుటకు వీలగు డిస్కులలో ఎండకు చెడు రంగుపొర యుండును; కావున వాటిని చీకటిలో, చల్లనిచోట ఉంచవలెను. డి.వి.డి. బంధువులకు పంచుకొనుటకే; అది శాశ్వతము కాదు. నేటి కొత్త కంప్యూటర్లు పెక్కింటికి డిస్కు పెట్టు అరయే లేదు. కుదింపని ధ్వనితో పట్టిన మూలప్రతిని రెండు హార్డు డిస్కులలో, రెండు వేఱు ఇండ్లలో ఉంచవలెను. పాత టేపును పాఱవేయరాదు.

తలిదండ్రులకు కడపటి మనవి. మార్చిన టేపును పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఇంటి పెద్దలతో కలిసి చూడుడు. ఎవరు ఎవరికేమగుదురో, ఆ పాట ఏ వేడుకలోనిదో, తెలియని మాటకు అర్థమేమో పెద్దలచేత చెప్పించి, పిల్లలచేత తెలుగులో వ్రాయింపుడు. పట్టిన ధ్వనిని యంత్రము దాచగలదు. దాని అర్థమును పెద్దలు బ్రతికియుండగనే అడిగి తెలిసికొనవలెను.