హోం పెట్టకముందు

కొత్తగా పాస్టరేటు చేతికొచ్చినవాళ్లు భద్రాచలం అవతల రెండు గూడేలు తిరిగొచ్చాక నా దగ్గర ఒకే మాట అంటారు. "సార్, ఆ పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఒక హోం పెడదామనుకుంటున్నాం." నేను ఏజెన్సీ బళ్లలో పంతులుగా చేసి రిటైరయ్యాను, ఆ తర్వాత సంఘ పెద్దనయ్యాను. వాళ్లకు చెప్పే సంగతులే ఇక్కడ రాస్తున్నాను. గుర్తొచ్చిన వరుసలోనే రాస్తున్నాను, ఏది పెద్దది ఏది చిన్నది అని చూడలేదు.

1. తల్లి ఉన్న బిడ్డను అనాథ అని రాయకండి.

హోముల రిజిస్టర్లలో అలా రాసిన పిల్లల్లో ఎందరికో తల్లి ఉండటం చూశాను. క్రిస్మస్‌కి ముందు కొంగున నాలుగు జామకాయలు కట్టుకొని గేటు దగ్గర నిలబడుతుంది. మొగుడు పోయాడు, లేదా వదిలేశాడు. కూలికి పోతే చిన్నదాన్ని కనిపెట్టి ఉండేవాళ్లు లేరు. ఆమె ఇబ్బంది డబ్బుది, తోడుది. మనం మాత్రం బిడ్డనే తెచ్చేసుకుంటాం.

2015 నాటి బాలల న్యాయ చట్టం హోంను చివరి దారిగానే చూస్తుంది. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఇంకోవైపు, కేంద్రం మిషన్ వాత్సల్య కింద తల్లి దగ్గరే పెరిగే బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తుంది. వితంతువుల పిల్లలు, మంచాన పడ్డవాళ్ల పిల్లలు అర్హులు. పల్లెల్లో ఇంటి ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. డబ్బు ఆలస్యంగా పడొచ్చు, మధ్యలో ఆగనూ వచ్చు. ఆ నెలల్లో ఆ ఇంటికి బియ్యం, పప్పు చేర్చడం సంఘం పని. హోంలో ఒక బిడ్డకయ్యే ఖర్చుతో ఒక ఇల్లు నిలబడుతుంది.

"మన పెద్దలు బోర్డింగులు పెట్టలేదా సార్?" అంటారు. పెట్టారు. 1860ల మొదట్లో, గోదావరి మీద పనులు చేయిస్తున్న ఇంజనీరు హేగ్ పూనికతో దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ (సీఎంఎస్) మిషన్ మొదలైంది. ఆ తర్వాత జాన్ కెయిన్ దొర కోయల మధ్యే దశాబ్దాలు గడిపాడు. 1909లో దోర్నకల్ వచ్చి 1912లో బిషప్ అయిన అజరయ్య కాలంలోనూ చదువంటే మిషన్ బడే. అడవిలో వేరే బడి లేదు కాబట్టి దూరపు బిడ్డకు బోర్డింగు కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలలున్నాయి, గురుకులాలున్నాయి, కస్తూర్బా విద్యాలయాలున్నాయి. అప్పటి కారణం పోయింది, అలవాటు ఉండిపోయింది.

2. కాగితం కోసం తిరగడం కూడా పరిచర్యే.

ప్రసంగంలో ఈ మాట చెబితే ఎవరికీ రుచించదు. కానీ అడవి పక్కన బిడ్డ చదువు ఆగేది ఎక్కువగా కాగితం దగ్గరే. ఇంట్లో పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం ఉండదు. ఏడాది దాటితే ఆర్డీవో ఉత్తర్వు కావాలి. ఒక్కో సంతకానికి ఒకరోజు కూలి పోతుంది కాబట్టి తండ్రి రెండుసార్లు తిరిగి మానేస్తాడు. సంఘంలో రిటైరైన వీఆర్వో ఉంటాడు, మీసేవలో పనిచేసే కుర్రాడుంటాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక బల్ల వేసి వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టండి. పాటల పోటీల కంటే ఎక్కువ పని జరుగుతుంది.

హెడ్మాస్టరు "ధ్రువపత్రం తెస్తేనే చేర్చుకుంటా" అంటే, 2009 నాటి విద్యాహక్కు చట్టం గుర్తు చేయండి. వయసు రుజువు లేదని, పాత బడి టీసీ రాలేదని బిడ్డను వెనక్కి పంపకూడదు. గొడవ పెట్టుకోనక్కర్లేదు, చట్టం పేరు మర్యాదగా చెప్పినా చాలు. పంతులుగా పనిచేసినవాణ్ణి, బల్లకు అటువైపు కూర్చున్నవాళ్ల భయాలు నాకు తెలుసు.

ఇందులో అన్నిటికంటే సున్నితమైంది కుల ధ్రువపత్రం. కోయ బిడ్డ క్రైస్తవుడైనా ఎస్టీయే. మాల, మాదిగ కుటుంబం బిడ్డ సంగతి అలా కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు, మన దగ్గర బీసీ-సీలోకి వస్తాడు. ఇది న్యాయమా అన్నది వేరే పోరాటం, చేయాల్సిన పోరాటమే. కానీ బడిలో చేర్చేటప్పుడు తల్లిదండ్రుల్ని అడక్కుండా పాస్టరుగారు మతం గడి నింపేయడం తప్పు. ఏం రాస్తే ఏమవుతుందో తల్లిదండ్రులకు వివరంగా చెప్పండి, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం వాళ్లకే వదిలేయండి. బాప్తిస్మం పేరు కూడా అంతే. బళ్లో జోగయ్య, ఆధార్‌లో యోహాను అయితే పదో తరగతి నాటికి ఇద్దరూ ఒకడేనని రుజువు చేసుకోవడమే పెద్ద పరీక్ష.

గుత్తికోయల పిల్లలది ఇంకో కథ. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక దంతెవాడ వైపు నుంచి వీళ్ల కుటుంబాలు పారిపోయి వచ్చి ఈ అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఇక్కడే పుట్టిన బిడ్డలకు కూడా ఎస్టీ ధ్రువపత్రం దొరకడం గగనం. ఈ పని ఒక సంఘం ఒక్కటే చేయగలిగేది కాదు. సీఎస్‌ఐ, కథోలిక, బాప్టిస్టు, పెంతెకొస్తు తేడాలు పక్కనపెట్టి, ఆదివాసీ సంఘాలతో కలిసి కలెక్టరు దగ్గరికి వెళ్లాలి. పిలిస్తే వస్తారు. ముందుగా పిలిచేవాళ్లే తక్కువ.

3. మిర్చి ఏరే కాలంలో ముందు బెంచీ వాళ్లతో మాట్లాడండి.

జనవరి నుంచి ఖమ్మం చుట్టూ మిర్చి తోటల్లోకి ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. పెద్దపిల్ల కాయలు ఏరుతుంది, లేదంటే గట్టు మీద చంటివాణ్ణి ఆడిస్తుంది. రెండు విధాలా బడి లేదు. ఆ తోట మన సంఘస్థుడిదే కావచ్చు. కోత పండుగకు బస్తాలు తెచ్చేది ఆయనే కాబట్టి ఎవరూ నోరెత్తరు. 2016 సవరణ తర్వాత 14 ఏళ్లలోపు బిడ్డను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి అయ్యాక సొంత ఇంటివాళ్లకు చేసే సాయానికి మినహాయింపు ఉంది, పరాయి తోటలో కూలికి లేదు. వేదిక మీద నుంచి ఆయన్ని దెప్పితే పని కాదు, ఇంటికి వెళ్లి మాట్లాడాలి. గుడి పక్క హాలు పగలంతా తెరిచి పెట్టండి, కోయ మాట్లాడే సండే స్కూల్ టీచరు ఒకరిని కూర్చోబెట్టండి, దగ్గరి బడిలో పేర్లు రాయించి మధ్యాహ్న భోజనం అందేలా చూడండి. తల్లులు వాళ్లంతట వాళ్లే పిల్లల్ని దింపి పోతారు. చంటివాణ్ణి కూడా తీసుకోవాలి సుమా, లేదంటే పెద్దపిల్ల రాదు.

4. పసిబిడ్డను చేతులు మార్చకండి.

పిల్లలు లేని దంపతులు సంఘంలో ఉంటారు, వద్దనుకున్న గర్భం గూడెంలో ఉంటుంది. మధ్యలో ఎవరో ప్రార్థనాపరురాలు నిలబడి కలుపుతుంది. ఇందులో డబ్బు చేతులు మారితే చట్టం దాన్ని బిడ్డ అమ్మకం అంటుంది. హిందూ దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు. బాలల న్యాయ చట్టం కింద, దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా ద్వారానే పోవాలి, 2021 సవరణ తర్వాత ఉత్తర్వు ఇచ్చేది కలెక్టరే. ఎదురుచూపు ఏళ్లు పడుతుంది. పట్టనీ.

5. బిడ్డ మీద చెయ్యి పడిందని తెలిస్తే కమిటీ వేయొద్దు.

పెద్దలం కూర్చుని మాట్లాడి, సంఘం పరువు అని, ఆడపిల్ల భవిష్యత్తు అని చెప్పి సర్దేసిన సంగతులు ఈ జిల్లాలో ప్రతి పెద్దకూ తెలుసు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థ పెద్ద తన కింద పనిచేసేవాడి నేరం దాస్తే ఏడాది దాకా. బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. నిజమా కాదా తేల్చడం మన పని కాదు. బిడ్డను పదిసార్లు అడగొద్దు, తల్లిని ఒంటరిగా స్టేషనుకు పంపొద్దు, కేసు నడిచినన్నాళ్లూ స్త్రీల సమాజం నుంచి ఇద్దరు ఆ ఇంటి గడప తొక్కుతూ ఉండాలి. నిందితుడు వాయిద్యం వాయించేవాడైనా, పాస్టరుగారి బావమరిదైనా మాట ఇదే.

6. దూరపు డబ్బును నమ్ముకోకండి.

క్రైస్తవ సహాయ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ 2017 మార్చిలో, ప్రభుత్వం విదేశీ నిధులకు అడ్డు చెప్పాక, భారతదేశంలో పని మూసేసింది. దేశం మొత్తం మీద దాదాపు 1,45,000 మంది పిల్లలు దాని కింద ఉండేవారు. ప్రభుత్వం చేసింది సరా కాదా అని వాదించుకోవచ్చు. కానీ ఏప్రిల్లో ఆ పిల్లల ఫీజు ఎవరు కట్టాలన్నదానికి ఎన్నో సంఘాల దగ్గర జవాబు లేదు. మన అమ్మలు వంట కుండలోంచి పిడికెడు తీసి పక్కన పోసే బియ్యం ఎప్పుడూ ఆగలేదు. పల్లె సంఘం ఆ బియ్యంతో ఒకటి రెండు ఇళ్లను చూసుకోగలదు. అంతే తీసుకోండి.

ఫోటోల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పలక పట్టించి, పేరు రాయించి, కథ జోడించి ఫేస్‌బుక్‌లో పెట్టడం బిడ్డను అడుక్కోవడానికి వాడుకోవడమే. సంరక్షణలో ఉన్న బిడ్డ గుర్తింపు బయటపెట్టడం నేరం కూడా.

7. గోదావరి వచ్చినప్పుడు, సరిహద్దు అడ్డొచ్చినప్పుడు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర నీళ్లు 71 అడుగులు దాటాయి. పునరావాస కేంద్రాల్లో బియ్యం పంచడానికి అందరూ వస్తారు. తల్లిదండ్రులు పక్కన లేని పిల్లల్ని లెక్కబెట్టేవాళ్లు కావాలి. పని ఇప్పిస్తామని, చదివిస్తామని తిరిగే కొత్త ముఖాలు అలాంటప్పుడే కనిపిస్తాయి, వాటిలో కొన్ని బైబిలు పట్టుకొనీ వస్తాయి. ఎవరికీ చెందని బిడ్డ కనిపిస్తే మీ ఇంటికి తీసుకెళ్లకండి, 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు నిలబెట్టాలి.

ఏ సమితి అన్నది ఇక్కడ చిన్న ప్రశ్న కాదు. 2014లో కూనవరం, చింతూరు, వీఆర్‌పురం వైపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. బిడ్డ చింతూరుది, దొరికింది భద్రాచలం బస్టాండులో, తండ్రి ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మాలో ఉన్నాడు. మూడు రాష్ట్రాల ఆఫీసులు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటాయి. దొరికిన చోటి సమితి ముందుకు తీసుకెళ్లండి, సొంత జిల్లాకు బదిలీ చేయడం వాళ్ల పని. మూడు వైపుల సమితుల నంబర్లు, చింతూరు అవతలి పాస్టర్ల నంబర్లు గుడి తలుపు లోపల అంటించి పెట్టుకోండి. అధికారులు మారుతుంటారు కాబట్టి ఏటా జూన్‌లో బళ్లు తెరిచే వారం ఒక్కో నంబరుకూ ఫోన్ చేసి చూడండి.