శరత్కాలపు పల్లెబాటలు: ఒక మోటారు సైకిల్ బృందయాత్ర

ఈ సంవత్సరం డిగ్రీ తుది తరగతి విద్యార్థులు కొందరు, దసరా సెలవులలో మోటారు సైకిళ్లపై నల్లమల వైపు వెళ్లిరావడానికి అనుమతి కోరుతూ కళాశాల కమిటీకి అర్జీ పెట్టుకున్నారు. కమిటీ పెద్దలు తమ నిర్ణయాన్ని ఇంకా తెలుపలేదు. గత ఏడాది అక్టోబరు చివరి వారంలో అదే దారిన ఐదు బండ్లపై వెళ్లివచ్చిన వారిలో నేనొకడిని. ఆనాటి అనుభవాన్ని, తరువాత దానిపై నేను చేసిన పరిశీలనను ఉభయుల ముందుంచడం ఉచితమని తోచి ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదట కాలాన్ని గురించి ఒక మాట. ఇంగ్లీషు పాఠాలలోని ఆకురాలు కాలాన్ని మన విద్యార్థులు శరత్తు అని అనువదించి, శరదృతువులో చెట్లు మోడువారుతాయని పరీక్షలలో రాస్తున్నారు. మనకు ఆకులు రాలేది శిశిరంలో. ఆశ్వయుజ కార్తికాలు శరత్తు. అప్పటికి నైరుతి వానలు వెనుదిరుగుతాయి, నల్లమల ఇంకా పచ్చగానే ఉంటుంది, కుంటలలో నీరు తేరుకుంటుంది. పొలాలలో ఖరీఫు పంట చేతికి వస్తుంది. ఈ చివరి సంగతిని మేము మరచిపోయాము. మరచినందుకు ఫలితం అనుభవించాము.

బృందయాత్ర మనకు కొత్త కాదు. ఉర్దూ సాహిత్యంలో కాఫిలా, కారవాన్ అనే మాటలు ఎంత ప్రసిద్ధమో చెప్పనక్కరలేదు. 'మంజిల్' అన్న మాటే తెలుగులో మజిలీ అయింది. 1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా పెద్ద పరివారంతో సాగి, దారిలోని ఊళ్లను, వసతులను తన కాశీయాత్ర చరిత్రలో ఓపికగా నమోదు చేశాడు. పల్లకి మోసే బోయీలు, బరువులెత్తుకున్న మనుషులు ఎంత దూరం నడవగలరో అంతే ఆనాటి మజిలీ. యజమాని తొందర దానిని మార్చలేదు. యంత్రం వచ్చిన తరువాత ఈ నియమం చెల్లిపోయిందని మనం అనుకుంటున్నాము.

మా ఐదింటిలో రెండు బుల్లెట్లు, రెండు నూటయాభై సి.సి. బండ్లు, ఒకటి నూరు సి.సి. బండి. తెల్లవారుజామున కర్నూలు విడిచి, ప్రజలు కె.జి. రోడ్డని పిలిచే కర్నూలు-గుంటూరు మార్గాన నందికొట్కూరు దాటి ఆత్మకూరు చేరాము. దూరం సుమారు 70 కిలోమీటర్లు. అక్కడి నుండి అడవి అంచున చెంచుగూడెం ఉన్న బైర్లూటి వరకు వెళ్లి వెనుదిరిగాము. అది పులుల అభయారణ్యం. హారన్ మోగించకుండా నెమ్మదిగా సాగడం అక్కడి మర్యాద. ఆ కాస్త దూరం మేమంతా ఒక్క వరుసలో, ఒకరినొకరు చూసుకుంటూ నడిపాము. అడవి దాటగానే ఆ క్రమశిక్షణ చెదిరింది.

తిరుగు ప్రయాణం వెలుగోడు మీదుగా నంద్యాలకు. అందులోనూ పెద్దరోడ్డు వదలి, తెలుగుగంగ జలాశయానికి అవతలనున్న పల్లెదారులు పట్టాము. శరత్తులో సాయంత్రం ఆరు గంటలలోపే పొద్దుగూకుతుంది. ముందు నడుస్తున్నవాడిని నేనే. వెలుతురుండగా నంద్యాల చేరాలన్న ఆత్రంతో బుల్లెట్టును అరవైకి తగ్గనివ్వలేదు. చివరనున్న నూరు సి.సి. బండి మా పాత విద్యార్థిది. నన్ను అందుకోవడానికి అతడు తన బండి శక్తికి మించి పరుగెత్తిస్తున్నాడు.

ఒక ఊరి మలుపులో రోడ్డు సగభాగం మేర మొక్కజొన్నలు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. మొదటి నలుగురమూ ఎలాగో తప్పుకున్నాము. వెనుకవారికి సైగ చేయాలని ఒక్కరికీ తోచలేదు. అతడు గింజలపై ముందు బ్రేకు నొక్కాడు. ముందు చక్రం జారి బండి పక్కకు ఒరిగింది. మణికట్టు విరిగింది. తలకు హెల్మెట్ ఉంది కాబట్టి ఈ వ్యాసాన్ని ఈ ధోరణిలో రాయగలుగుతున్నాను. అతడు పడిన సంగతి నాకు తెలిసింది మూడు కిలోమీటర్లు పోయిన తరువాత.

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అపాయం కంటబడి చేయి కదలడానికి ఒక సెకను అనుకుంటే ఆ 17 మీటర్లు వృథాగా పోతాయి. పొడి తారురోడ్డుపై ఆగడానికి మరి 20 మీటర్లు కావాలి. మొత్తం 37. నలభై వేగంలో ఇదే లెక్క 20 మీటర్లకు దిగుతుంది. ఇది టైరుకు తారు పట్టు దొరికినప్పటి మాట. గింజలపై ఆ పట్టే ఉండదు. రెండింటి నడుమ అవి పూసల్లా దొర్లుతాయి. అటువంటి చోట బ్రేకుతో పని లేదు, ముందుగానే వేగం తగ్గించి నిటారుగా దాటాలి. ఆ ముందుచూపు చివరివాడికి ముందున్నవాడే అందించాలి.

నేను వెనక్కి వచ్చేసరికి ఆ ధాన్యం తాలూకు పెద్దమ్మ అతని చేతికి తడిగుడ్డ చుడుతున్నది. మాలో ఒకరు రోడ్డు మీద పంట ఆరబోయడం నేరం కాదా అని కోపంతో అడిగారు. ఆమె తల ఎత్తలేదు. "నేరమో ఏమో సారూ. వాన పడి కల్లం ఇంకా పచ్చిగుంది. తడి గింజ ఎవురు కొంటారు?" అన్నది. తరువాత మావాడితో, "గింజలు యాడికి పోతాయిలే నాయనా, ముందు నీ చెయ్యి చూసుకో" అన్నది.

ఆమె మాట నిజం. అది రేగడి నేల. తడిస్తే ఉబ్బి జిగటవుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది. నిల్వ చేయడానికి మొక్కజొన్నలో తేమ 14 శాతం మించరాదు. అక్టోబరు వానలలో రైతుకు దొరికే గట్టి, వెచ్చని నేల తారురోడ్డే. ప్రతి గ్రామంలో సిమెంటు కల్లాలు ఉంటే ఈ అవస్థ తప్పేది. అవి లేనంత కాలం శరత్తులో పల్లెరోడ్డు సగం కల్లమే. రాత్రివేళ ఆ రాళ్లు ప్రాణాంతకమని నేనూ ఒప్పుకుంటాను. కాని ఆ సాయంత్రం ఆమెతో ఆ మాట అనే అర్హత నాకు లేదు.

క్షతగాత్రుణ్ణి ఆటోలో నంద్యాలకు పంపి, తక్కినవారం చెదిరిన గింజలను చీపుళ్లతో ఊడ్చి గోనెసంచులకెత్తాము. గులకరాళ్లు కలిసినవాటిని ఆమె విడిగా చేటలో పోసుకుంది. వెల ఇవ్వబోతే తీసుకోలేదు.

కమిటీ పెద్దలకు నా మనవి: యాత్రను నిషేధించవద్దు. నిషేధిస్తే మీకు చెప్పకుండా వెళతారు. అన్నింటికన్నా చిన్న బండి రెండవ స్థానంలో ఉండాలని, అద్దంలో వెనుకవాడు కనిపించకపోతే ముందున్నవాడు ఆగాలని, మలుపులలో ఒకే వరుసన నడపాలని, పొద్దుగూకకముందే మజిలీ చేరాలని షరతులు పెట్టండి. హెల్మెట్ చట్టమే విధించింది. విద్యార్థులు ఈ షరతులను పిరికితనమనుకుంటే, మా పాత విద్యార్థి ఇప్పుడు పట్టణంలోనే ఉన్నాడు, వెళ్లి అడగండి.

ఆనాడు మిగిలిన దూరం నేను చివరన నడిపాను. విరిగిన అద్దంతో ఆ నూరు సి.సి. బండిని మా సహోద్యోగి ఒకరు ముందు నడిపారు. నంద్యాల చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర అయింది.