గాలిని తూకం వేసే పట్టిక

కారు ఇంజన్‌లోకి వెళ్ళే పెట్రోలుని కొలవడం తేలిక. ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకుందో తెలిస్తే, ఎంత పోసిందో తెలిసిపోతుంది. గాలితోనే చిక్కు. అది ఎండకి పలచబడుతుంది, కొండెక్కినా పలచబడుతుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. అందుకే ఇంజన్ కంప్యూటరు, అంటే ఈసీయూ, ముందుగా గాలి బరువు తెలుసుకోవాలి. ఆ కబురు చెప్పేది మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్, పొట్టి పేరు మాఫ్.

వేడి కాఫీ మీద ఊదితే చల్లారినట్టే ఇది పనిచేస్తుంది. గాలి గొట్టంలో ఒక సన్నని తీగని కరెంటుతో వేడిగా ఉంచుతారు. వెళ్ళే గాలి దాన్ని చల్లబరుస్తుంది. ఆ వేడి తగ్గకుండా నిలబెట్టడానికి ఎంత ఎక్కువ కరెంటు కావాలో, అంత ఎక్కువ గాలి వెళ్తున్నట్టు లెక్క. ఇది వోల్టేజిగా ఈసీయూకి చేరుతుంది. ఏ వోల్టేజికి సెకనుకి ఎన్ని గ్రాములో చెప్పే లుకప్ టేబుల్ దాని మెమరీలో ఉంటుంది. మధ్య విలువలకి ఇంటర్‌పొలేషన్. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కొత్తేమీ కాదు.

అయితే ఆ పట్టిక తీగ ఒక్కదానికే కాదు, తీగ కూర్చున్న గొట్టానికి కూడా సంబంధించినది. 70 మిల్లీమీటర్ల గొట్టం తీసేసి 76 ది బిగించామనుకోండి. వైశాల్యం దాదాపు 18% పెరుగుతుంది, అదే గాలి 15% నెమ్మదిగా వెళ్తుంది. తీగ తక్కువ చల్లబడుతుంది, ఈసీయూ గాలి తక్కువ వచ్చిందనుకుని పెట్రోలు తగ్గిస్తుంది.

"ఆక్సిజన్ సెన్సర్ చూసి సర్దుకుంటుంది కదా?" అని మీరు అడగవచ్చు. మామూలు వేగంలో పెట్రోలు వరకూ సర్దుకుంటుంది. ఆ సర్దుబాటునే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. కానీ ఇదే గాలి లెక్కని ఇంజన్ వేగంతో భాగించి, ఇంజన్ మీద ఎంత భారం ఉందో కూడా ఈసీయూ తేలుస్తుంది. ఆ భారాన్ని బట్టే స్పార్కు ఎప్పుడు వెలిగించాలో నిర్ణయిస్తుంది. భారం తక్కువనుకుంటే స్పార్కుని ముందుకి జరుపుతుంది. దాన్ని ఏ ట్రిమ్మూ సరిచెయ్యదు. టర్బో ఇంజన్‌లో ఇది నాకింగ్‌కి, చివరికి పిస్టన్ పగలడానికి దారితీయవచ్చు. పట్టికనే సరిదిద్దాలనడానికి కారణం ఇదే.

నా 2004 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్‌కి నేను వాడింది రోమ్‌రైడర్. జావాలో రాసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. మొదటి పని, అసలు రామ్‌ని కాదు, ఈసీయూలోని రోమ్‌ని చదివి భద్రంగా దాచుకోవడం. తర్వాత ఇంజన్ బాగా వేడెక్కాక ఒక స్నేహితుణ్ణి డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టి, స్థిరమైన వేగాల్లో మాఫ్ వోల్టేజి, ట్రిమ్‌లు లాగ్ చేశాను. యాక్సిలరేటర్ కదిలిన క్షణాల డేటా తీసెయ్యాలి. కొద్ది శాంపిళ్ళే ఉన్న గడులని నమ్మకూడదు.

లెక్క చిన్నదే. ఒక గడిలో 10 గ్రాములు ఉంది, లాంగ్ టర్మ్ ట్రిమ్ +6, షార్ట్ టర్మ్ +2 అనుకోండి. మొత్తం 8%, కొత్త విలువ 10.8. ఒకేసారి మొత్తం మార్చకుండా సగం మార్చి, మళ్ళీ లాగ్ చెయ్యడం మంచిది. గ్రాఫు గీసి చూడండి. వంపు నునుపుగా పైకే పోవాలి. ఎక్కడైనా పళ్ళు పళ్ళుగా ఉంటే అది గాలి కాదు, డేటాలోని గోల.

ఫుల్ థ్రాటిల్‌లో ఈసీయూ షార్ట్ టర్మ్ సర్దుబాటు ఆపేస్తుంది. అక్కడ వైడ్‌బ్యాండ్ సెన్సర్ తప్పనిసరి. ఈసీయూ 11.0 నిష్పత్తి కోరితే 11.6 కనిపించిందంటే, పట్టికని 5.5% పెంచాలి. ఈ పని రోడ్డు మీద వద్దు, డైనో మీదే.

పట్టిక ముట్టుకునే ముందు జబ్బు దానిదేనా అని చూడండి. తేడా ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంటే ఎక్కడో గొట్టం లీకవుతోంది. అన్నిచోట్లా ఒకేలా ఉంటే ఇంజెక్టర్లని అనుమానించండి. కొన్నిసార్లు తీగ మీద పేరుకున్న దుమ్మే కారణం, మాఫ్ క్లీనర్ డబ్బాతో పోతుంది. లీకుని పట్టికతో కప్పిపెడితే, లీకు బాగుచేసిన రోజున పట్టిక తప్పవుతుంది.

చట్టం సంగతి కూడా మరవద్దు. కాలిఫోర్నియాలో 2021 జూలై నుంచి స్మాగ్ చెక్‌లో ఈసీయూ సాఫ్ట్‌వేర్ మారిందా అని కూడా చూస్తున్నారు. అనుమతి లేని మార్పు ఉంటే కారు ఫెయిల్. మీ రాష్ట్రం నియమాలు ముందే తెలుసుకోండి.

అన్ని గడుల్లో ట్రిమ్‌లు 3% లోపుకి వస్తే ఇక ఆపెయ్యవచ్చు. వేసవికీ చలికాలానికీ ఆమాత్రం తేడా ఎలాగూ ఉంటుంది. దాన్ని సున్నా చెయ్యాలని కూర్చుంటే శనివారాలు గడిచిపోవడమే తప్ప ఇంజన్‌కి ఒరిగేదేమీ లేదు.