హృదయ కవాట వ్యాధియందు ఆహారబలము

హృదయము నాలుగు గదులు గల కండరపు సంచి. ఆ గదులకు నాలుగు తలుపులు కలవు. వీనినే కవాటములందురు. రక్తమును ముందునకు పోనిచ్చుట, వెనుకకు రానీయకుండుట వీని పని. దినమునకు దాదాపు లక్షమారులు తెరచుకొని మూసికొను ఈ తలుపులలో ఏదేని బిగిసిపోయినను, సరిగా మూసికొనక రక్తము వెనుకకు కారినను కవాటవ్యాధి యగును. ఈ వ్యాధి యింట ప్రవేశించినపుడు అందరును ఆ తలుపును గూర్చియే విచారింతురు. ఆపరేషను ఎప్పుడు, ఎక్కడ, ఎంత వ్యయమగును అని లెక్కలు వేయుదురు. రోగి బరువెంత, ఆరుమాసముల క్రిందట ఎంత యుండెను, దినమున నేమి తినుచున్నాడు అను ప్రశ్నలు వెనుకబడును. కాని రోగి బ్రదికి కోలుకొనుట ఈ రెండవ తరగతి ప్రశ్నలపై కూడ ఆధారపడి యున్నదని నేటి వైద్యులు గుర్తించిరి.

మూకండపల్లి హోసూరునకు ఆనుకొని, సిప్కాట్ పారిశ్రామికవాడ చెంత నున్నది. తెలుగు, కన్నడము, తమిళము మూడును వినవచ్చు ఈ ప్రాంతమునకు కార్ఖానాల పనికై దూరదేశముల నుండి వచ్చినవారు అనేకులు. ఇరుకు గదులలో పలువురు కూడి నివసించుచోట కీళ్లవాత జ్వరము సులభముగా తలయెత్తును. స్ట్రెప్టోకోకస్ అను సూక్ష్మజీవి వలన, ముఖ్యముగా 5 మొదలు 15 ఏండ్ల పిల్లలకు, గొంతు వాచును. అది మానినట్లే మాని, రెండు మూడు వారముల పిమ్మట జ్వరమును, కీళ్లనొప్పులను తెచ్చును. కీళ్లు బాగుపడును గాని కవాటముపై మచ్చ మిగిలిపోవును. ఏండ్లు గడచిన తరువాత, స్త్రీలకైతే తరచు గర్భముతో నున్నపుడు, ఆయాసరూపమున బయటపడును. గొంతునొప్పి మొదలైన తొమ్మిది దినములలో పెనిసిలిన్ పడినచో ఈ జ్వరమును చాలవరకు తప్పింపవచ్చును. ఒకసారి జ్వరము వచ్చినవారికి మూడు నాలుగు వారములకొక బెంజథిన్ పెనిసిలిన్ సూది ఏండ్ల తరబడి సాగవలెను. దుకాణమున పనిచేయు కుర్రవాడు గొంతునొప్పి యన్నపుడు మిరియాల కషాయముతో సరిపెట్టక వైద్యునకు చూపించుట యజమానునకు పెద్ద ఖర్చు కాదు.

వృద్ధులకు వచ్చు కవాటవ్యాధి వేరు. వయసుతో బృహద్ధమని కవాటమున సున్నము పేరుకొని అది రాయివలె బిగియును. వర్తక కుటుంబములలోని పెద్దలకు వచ్చునది తరచు ఈ విధమైనదే.

చికిత్స చాల దూరము నడచినది. 1925లో లండనులో సౌటర్ అను శస్త్రవైద్యుడు బిగిసిన కవాటమును వ్రేలితో తెరచెను. మన ప్రాంతమున వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల 1950 దశకమున ఇట్టి శస్త్రచికిత్సలకు పేరు గాంచెను. 1960లో అమెరికాలో స్టార్, ఎడ్వర్డ్స్ అనువారు కృత్రిమ కవాటమును విజయవంతముగా అమర్చిరి. తిరువనంతపురమునందలి శ్రీచిత్ర సంస్థ తయారుచేసిన స్వదేశీ కవాటము 1990 డిసెంబరు 6న మొదటి రోగికి అమర్చబడినది. 2002లో ఫ్రాన్సునందు క్రిబియే అను వైద్యుడు రొమ్ము కోయకుండ, రక్తనాళము గుండ కవాటమును పంపెను. నేడు మూకండపల్లివారికి బెంగుళూరు జయదేవ సంస్థగాని, హోసూరు రోడ్డులోనే బొమ్మసంద్ర యందున్న నారాయణ హృదయాలయముగాని, వేలూరుగాని అందనంత దూరము కాదు. తలుపు బాగుచేయువారు దగ్గరకు వచ్చిరి. ఆ తలుపు గల యింటి గోడలు పటిష్ఠముగ నుండునట్లు చూచుట మాత్రము ఇంటివారి పనియే.

గుండెజబ్బువాడు ఏల చిక్కిపోవును? కవాటము చెడినపుడు రక్తము వెనుకకు నిలిచి మొదట ఊపిరితిత్తులలోను, పిదప కాలేయములోను, ప్రేగులలోను పేరుకొనును. ఉబ్బిన ప్రేగులు తిన్నదానిని సరిగా గ్రహింపవు. కాలేయము వాచుటచే నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండును. ఊపిరి పీల్చుటకే దేహము ఎక్కువ శక్తిని వెచ్చించును. ఇదిగాక, వ్యాధి ముదిరినకొలది రక్తములో పుట్టు కొన్ని పదార్థములు ఆకలిని చంపి కండను కరగించును. రాబడి తగ్గి, వ్యయము పెరిగి, మూలధనమునకే చేటు వచ్చిన వ్యాపారము వంటిదీ స్థితి. ఇచ్చట మూలధనము కండ. శ్వాసకండరములును, హృదయమును కూడ కండయే కదా.

చిక్కిన మాట తరచు కంటికి కనబడదు. కాళ్లలోను, కడుపులోను నీరు చేరుటచే త్రాసుపై బరువు తగ్గినట్లు తోచదు. ఐదడుగుల పైచిలుకు, అనగా 155 సెంటీమీటర్ల పొడవు గల ఒక గృహిణి 50 కిలోలుండెననుకొందము. ఆమె కండ, కొవ్వు నాలుగు కిలోలు కరగి, నాలుగు కిలోల నీరు చేరినచో త్రాసు 50 అనియే చూపును. బంధువులు మాత్రము "అమ్మకు కాస్త ఒళ్లు వచ్చినది" అందురు! నీటిమాత్రలు వేసికొని వాపు తీసిన తరువాత నిలిచిన బరువే అసలు బరువు. వాపు లేనప్పటి బరువులో నూటికి ఐదు వంతులు ఏడాదిలోపల, తలంపకయే, తగ్గినచో అది ఉపేక్షింపదగినది కాదు. ఆ గృహిణి విషయమున అది రెండున్నర కిలోలు మాత్రమే. మరియొక వైపున, మూడు దినములలో రెండు కిలోలకు మించి పెరిగినచో అది తిండి వలన గాదు, నీరు. వెంటనే వైద్యునకు తెలుపవలెను. ప్రతి ఉదయము ఒకే వేళ, కాలకృత్యములు తీరిన పిమ్మట తూగి, చిట్టాలో వ్రాయుట వర్తకుల యింట కష్టమైన అలవాటు కాదు.

1997లో ఇంగ్లండునందు ఆంకర్ మొదలగువారు గుండెబలము తగ్గిన 171 మందిని పరిశీలించిరి. వారిలో నూటికి 16 మంది చిక్కిపోయినవారు. పదునెనిమిది మాసములలో, చిక్కినవారిలో నూటికి 50 మంది మరణింపగా, తక్కినవారిలో 17 మందియే మరణించిరి. కవాటరోగులనే తీసికొన్న అధ్యయనము 2018లో వెలువడినది. బృహద్ధమని కవాటమును మార్పించుకొన్న 1,158 మంది వృద్ధులను మూడు దేశములలో పరీక్షింపగా, పోషణలోపము గలవారిలో ఏడాదిలోపు మరణములు సుపోషితులలో కంటె దాదాపు మూడురెట్లు. అచట వాడిన పరీక్ష ఆరు ప్రశ్నలే: గడచిన మూడు మాసములలో తిండి తగ్గినదా, బరువు తగ్గినదా, లేచి బయటికి నడువగలరా, ఈ మధ్య పెద్ద జబ్బుగాని మనోవేదనగాని కలిగినదా, మతిమరుపు లేక దిగులు ఉన్నదా, ఎత్తునకు తగిన బరువున్నదా. మొత్తము 14 మార్కులు. 12 లేక అంతకు పైబడినచో క్షేమము, 8 నుండి 11 వరకు జాగ్రత్త, 7 లేక అంతకు తక్కువ యైనచో పోషణలోపము.

ఇందులో వ్యాధి తీవ్రత పాలెంత, తిండి పాలెంత యని విడదీయుట సులభము కాదు. చిక్కుట వ్యాధి ముదిరినదనుటకు గుర్తు మాత్రమే కావచ్చునని వాదింపవచ్చును. అయితే స్పెయిను దేశమున గుండెబలము తగ్గి, పోషణలోపముతో ఆసుపత్రి చేరిన 120 మందిలో కొందరికి వ్యక్తిగతముగా ఆహారవిధిని నిర్ణయించి వెంబడించగా, ఏడాదిలో వారియందు మరణములు నూటికి 20, తక్కినవారియందు 47 అయినవి. ఈ ఫలితము 2016లో ప్రకటింపబడినది. వారందరు కవాటరోగులు కారు, సంఖ్యయు చిన్నది. అయినను వంటయింటి శ్రమ వృథా కాదనుటకు ఇది చాలును.

మాంసము ముట్టని యింట ఇంత పుష్టి యెట్లని కొందరు వైద్యులే సందేహింతురు. లెక్క చూడవచ్చును. ఇట్టి రోగికి దేహపు బరువులో కిలోకు కనీసము 1.1 గ్రాము మాంసకృత్తులు కావలెనందురు. 50 కిలోలకు 55 గ్రాములు. కందిపప్పుగాని పెసరపప్పుగాని 75 గ్రాములలో సుమారు 17, పాలు పెరుగు కలిసి అరలీటరులో 16, రాగిపిండి 100 గ్రాములలో 7, బియ్యము 150 గ్రాములలో 10, వేరుసెనగ 30 గ్రాములలో 7. కూడగా 57. కందమూలములు మానుటచే ఇందులో ఒక్క గ్రామైనను తగ్గలేదు. హోసూరు ప్రాంతపు రాగిసంగటి సున్నపు ధాతువునకు పెట్టినది పేరు. మూత్రపిండములు దెబ్బతిన్నవారు మాత్రము ఈ లెక్కను వైద్యునకు చూపి మార్చుకొనవలెను. లోపమంతయు ఉప్పు విషయమున నున్నది. అప్పడములు, ఊరగాయలు, ఖాఖరాల మీది మసాలాలు రోగి విస్తరి నుండి తొలగవలెను. దినమున ఐదు గ్రాములకు మించని ఉప్పు చాలును.

రాత్రిభోజన త్యాగము అడ్డు కాదు. ఇక్కడ చలికాలమున సైతము పగలు పదకొండు గంటలకు పైగానే యుండును. రెండు పెద్ద భోజనములు రోగి కడుపు పట్టదు కనుక, సూర్యోదయము తరువాత త్వరగా మొదలుపెట్టి ఐదారు మారులు కొద్దికొద్దిగా పెట్టవచ్చును. చిక్కు ఉపవాసములతో వచ్చును. పర్యూషణమున నీరైనను ముట్టని ఉపవాసము, పాలు నేయి నూనెలు లేని ఆయంబిలము, ఆరోగ్యవంతునకు తపస్సు. నీటిమాత్ర వేసికొను కవాటరోగికి అవి లవణములు తారుమారై కండ కరగుటకు దారి. కృత్రిమ కవాటము గలవారు వాడు వార్ఫరిన్ మందు ఉపవాసమున అదుపు తప్పి రక్తస్రావము కావచ్చును. వంశపెద్దలు తాము ఆచరింపలేకపోతిమని కుములుట చూడగలము. అట్టివారికి, ఉపవాసాది ప్రత్యాఖ్యానములలోనే సర్వసమాధి నిమిత్తముగ ఒక ఆగారము చెప్పబడియున్నదని గురువులు జ్ఞాపకము చేసినచో ఇంటివారి మాట కంటె ఎక్కువ పనిచేయును.

వార్ఫరిన్ వాడువారు ఆకుకూరలు పూర్తిగా మానవలెననుట పొరపాటు. ఒకనాడు గంపెడు, మరునాడు సున్న కాక, ప్రతిదినము ఒకే పరిమితిగ తినుచు, రక్తపరీక్షను బట్టి మందు సరిచేయించుకొనుట సరియైన పద్ధతి.

ఇక పథ్యము. ఆపరేషనై ఇంటికి వచ్చినవారికి చారన్నము, పలుచని గంజి తప్ప పెట్టరాదను నమ్మకము తెలుగిండ్లలో బలముగ నున్నది. కోసిన రొమ్మెముక అతుకుకొనుటకు ఆరు వారములకు తక్కువ పట్టదు. ఆ వారములలోనే పప్పు, పెరుగు, పాలు ఎక్కువ కావలెను. మందుల వలన నోరు చేదైనప్పుడు ముద్దలకు బదులు పాలతో కాచిన రాగిజావ, పెసరపప్పు కట్టు వంటివి గంటగంటకు గ్రుక్కెడు పట్టవచ్చును. అసలు ఆపరేషనుకు తేదీ నిర్ణయించిన దినముననే బరువుల చిట్టాను వెంట తీసికొనిపోయి, ఆసుపత్రిలోని ఆహారనిపుణులను కలియవలెను. అత్యవసరము కానిచో, ఆ లోపల దొరకు రెండు మూడు వారములలో ఏమి పెట్టవలెనో వారు వ్రాసి యిత్తురు.