ఏడాది తిరక్కుండా విరిగిన పళ్ళు

ఆదోని వైపు పిల్లలకు జిన్నింగ్ మిల్లు కొత్త కాదు. గింజ తీసిన దూదిని ప్రెస్సులో అదిమి బేళ్ళుగా కడతారు. మన దేశంలో ఒక్కొక్క బేలు 170 కిలోగ్రాములు తూగుతుంది.

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఒక మిల్లులో ఫిట్టరు. ఒకనాటి సాయంత్రం సంచీలోంచి రెండు విరిగిన ఉక్కు పళ్ళు తీసి నా బల్లమీద పెట్టాడు. "బేళ్ళు ఎత్తే యంత్రంలో గేర్‌బాక్స్‌వి సార్. లెక్క చూసే కొన్నాం. సంవత్సరం గూడా కాలేదు. ఆ పొద్దు కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది" అన్నాడు.

ఆ లెక్క మనమూ వేద్దాం. ముందు ఆ పెట్టె లోపలికి తొంగి చూడాలి.

దాన్ని ప్లానెటరీ గేర్‌బాక్స్ అంటారు. నడుమ ఒక పళ్ళచక్రం ఉంటుంది, అది సూర్యుడు. దాన్ని ఆనుకుని మూడు గ్రహ చక్రాలు. వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్ళున్న వలయం. గ్రహాల ఇరుసులు మూడూ ఒకే బిళ్ళకు బిగించి ఉంటాయి. ఈ బిళ్ళను వాహకం అందాం. మోటారు సూర్యుణ్ణి తిప్పుతుంది. వలయం కదలదు. గ్రహాలు తమలో తాము తిరుగుతూ సూర్యుడి చుట్టూ తిరుగుతాయి, వాటితోపాటు వాహకమూ నెమ్మదిగా తిరుగుతుంది. జేమ్స్ వాట్ 1781లో తన ఆవిరి యంత్రానికి పేటెంటు పొందిన ఒక చక్రాల అమరికకు కూడా సూర్యుడు-గ్రహం అనే పేరే ఉంది.

సూర్యుడికి 18 పళ్ళు, వలయానికి 72 పళ్ళు అనుకోండి. వాహకం ఒక చుట్టు తిరగాలంటే సూర్యుడు ఎన్ని చుట్లు తిరగాలి? నాలుగు అనేశారా? తొందరపడకండి. వాహకం మీద ఒక చీమ కూర్చుందనుకుందాం. రైల్లో పోయేవాడికి చెట్లు వెనక్కి పరుగెత్తినట్లు, చీమకు వలయమే ఒక చుట్టు వెనక్కి తిరిగినట్లు కనిపిస్తుంది. అంటే 72 పళ్ళు దాటిపోయాయి. అన్నే పళ్ళు దాటాలంటే సూర్యుడు చీమ కంటికి ముందుకు 4 చుట్లు తిరగాలి. ఈలోగా చీమ కూడా ముందుకు ఒక చుట్టు తిరిగింది కదా! మొత్తం 5. కాబట్టి నిష్పత్తి 1 + 72/18 = 5. ఆ ఒకటిని మరిచిపోయేవాళ్ళు పెద్దల్లోనూ ఉన్నారు. నేనూ ఒకప్పుడు మరిచినవాణ్ణే.

బరువును ఒక్క పన్ను మీద వేయక మూడు గ్రహాలు పంచుకుంటాయి. చిన్న పెట్టె పెద్ద బరువు మోయగలగడానికి కారణం అదే.

ఇక బేలు దగ్గరకు వద్దాం. బేలు, దాన్ని పట్టే చట్రం కలిపి 200 కి.గ్రా. తాడు చుట్టుకునే డ్రమ్ము వ్యాసార్థం 10 సెం.మీ. బరువు 200 × 9.8 = 1960 న్యూటన్లు. దాన్ని 0.1 మీటరుతో గుణిస్తే టార్కు 196 న్యూటన్-మీటర్లు. సెకనుకు అర మీటరు వేగంతో ఎత్తాలంటే డ్రమ్ము నిమిషానికి సుమారు 48 చుట్లు తిరగాలి. మోటారు 1,500 వరకు తిరుగుతుంది. 1,500ను 48తో భాగిస్తే 31 వస్తుంది. ఒక అంచెలో 5, రెండో అంచెలో 6 పెడితే 30. సరిపోయింది.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో రథాన్ని చూసినవారికి ఒక సంగతి తెలుసు. నడుస్తున్న రథాన్ని లాగడం కన్న నిలిచిన రథాన్ని కదిలించడం కష్టం. నడిచేదాన్ని ఉన్నచోటనే ఆపడం మరీ కష్టం. మన బేలు పావు సెకనులో పూర్తి వేగం అందుకుంటే త్వరణం 2 మీ/సె². అప్పుడు టార్కు 200 × (9.8 + 2) × 0.1 = 236. మోటారు వైపు ఇది 30వ వంతే. రాపిడి నష్టం కలుపుకుని సుమారు 8.4 న్యూటన్-మీటర్లు చాలు. జడత్వం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మోటారుకు అది 30వ వంతు కాదు, 30 × 30, అంటే 900వ వంతుగా తగులుతుంది!

మిల్లువారు 250కి తగిన పెట్టె కొన్నారు. 236 కన్న ఎక్కువే కదా! మరి పళ్ళెందుకు విరిగాయి?

"కరెంటు పోతే ఏమవుతుంది?" అని అడిగాను. మోటారు మీద ఉన్న బ్రేకు గబుక్కున పట్టేస్తుందట. దిగుతున్న బేలు 0.05 సెకనులో ఆగితే మందగమనం 10 మీ/సె². టార్కు 200 × 19.8 × 0.1 = 396! బ్రేకు మోటారు వైపున ఉంది కనుక ఈ దెబ్బంతా పళ్ళ మీదుగానే పోవాలి.

వాడు పెట్టె తయారుచేసినవారి పట్టిక తీసి చూపించాడు. "అత్యవసరంగా ఆపినప్పుడు 500 వరకు తట్టుకుంటుందని రాశారు సార్." నిజమే. దాని కిందనే చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది: పెట్టె జీవితకాలంలో వెయ్యిసార్లకు మించకూడదు.

ఆ మిల్లులో కరెంటు రోజుకు మూడుసార్లు పోయేదట. ప్రతిసారీ బేలు దిగుతూనే ఉండదు కాని, పనివేళల్లో ఎక్కువసార్లు యంత్రం నడుస్తూనే ఉంటుంది. రోజుకు మూడు చొప్పున వెయ్యి పూర్తికావడానికి 333 రోజులు. పట్టిక రాసినవారి దృష్టిలో అది ఎప్పుడో వచ్చే ఆపద. మనవాడికి అది రోజూ వచ్చే చుట్టం. రోజూ వచ్చేదాన్ని మామూలు బరువుల లెక్కలో వేయాలి. అంటే పెట్టె 250ది కాదు, 396 కన్న ఎక్కువ మోసేది కావాలి.

వేరే దారి ఉంది. కరెంటు పోయినప్పుడు బ్రేకు పావు సెకనులో మెల్లగా పట్టేలా చేస్తే టార్కు మళ్ళీ 236కు దిగుతుంది. కాని బేలు ఆగేలోగా 1.25 సెం.మీ. బదులు 6.25 సెం.మీ. కిందికి వస్తుంది. బేలుకు ఏమీ కాదు. కింద ఎవరి చెయ్యో ఉంటే? పెట్టె పెద్దది మార్చమనీ, బ్రేకు జోలికి పోవద్దనీ చెప్పాను. ధర ఎక్కువని యజమాని గొణిగాడట. విరిగిన పళ్ళు చూపించాక ఒప్పుకున్నాడట.

మీకొక లెక్క: డ్రమ్ము వ్యాసార్థం 5 సెం.మీ. చేస్తే కరెంటు పోయినప్పుడు పళ్ళ మీద పడే టార్కు ఎంత? అదే వేగానికి, అదే మోటారుకు ఇప్పుడు నిష్పత్తి ఎంత ఉండాలి? ఆ నిష్పత్తికి రెండు అంచెల్లోనూ పళ్ళ సంఖ్యలు మీరే ఎంచుకోండి.