సైనస్ జబ్బు ముదిరితే... ఫిల్ములో గోడ అవతల చూడాలి



నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి పదో తరగతి చదివాను. ఇప్పుడు రేడియోగ్రాఫర్‌గా పనిచేస్తున్నాను. ఎక్స్‌రే, సీటీ ఫిల్ములు తీయడం నా పని. రిపోర్టు రాసేది రేడియాలజిస్టు డాక్టరు. సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగితే, ఈ పనిలోకి నన్ను తెచ్చిన సంగతినే పాఠంగా రాద్దామనుకున్నాను.

నేను పదిలో ఉన్నప్పుడు మా గదిలో ఎనిమిదో తరగతి తమ్ముడికి సర్ది చేసింది. వారం దాటినా తగ్గలేదు. ఒకరోజు పొద్దున లేచేసరికి ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. ఆ ఏడు ఊరంతా కండ్లకలక ఉండె. మేమూ అదే అనుకున్నాం. మెడికల్ షాపు నుంచి చుక్కల మందు తెచ్చి వేశాం. మాకు అంటుతుందని అతని ట్రంకు పెట్టెను మూలకు జరిపాం. మూడోరోజు స్టడీ అవర్‌లో "అన్నా, అక్షరాలు రెండు రెండు కనపడుతున్నయి" అన్నాడు. వార్డెన్ సారు ఆ రాత్రే వరంగల్ తీసుకుపోయారు. తోడుగా నేనూ పోయాను. సీటీ తీసిన డాక్టరుగారు ఫిల్మును లైటు పెట్టెకు తగిలించి, "ముక్కుకూ కంటికీ మధ్య కాగితమంత గోడ ఉంటది బాబూ. చీము ఆ గోడ దాటింది" అని చూపించారు. ఆపరేషన్ చేసి చీము తీశారు. కన్ను నిలిచింది గాని చూపు సగమే తిరిగి వచ్చింది. రెండు రోజుల ముందు పోయి ఉంటే ఎట్లుండేదో అని నేను ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను.

సైనసులు ఎక్కడుంటాయి?

ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులే సైనసులు. ఇవి నాలుగు జతలు. బుగ్గల్లో ఉండేవి మాగ్జిలరీ, రెండు కళ్ల మధ్య తేనెపట్టులాగా ఉండేవి ఎత్మాయిడ్, నుదుట్లో ఉండేవి ఫ్రాంటల్, బాగా లోపల మెదడు కింద ఉండేవి స్ఫినాయిడ్. మొదటి రెండూ పుట్టుకతోనే ఉంటాయి. నుదుటి సైనసు ఏడెనిమిదేళ్లకు ఫిల్ములో కనిపించి, యవ్వనం దాకా పెరుగుతుంది.

ఎత్మాయిడ్‌కూ కంటికీ మధ్యనున్న పలుచటి ఎముక పేరు లామినా పాపిరేసియా. లాటిన్‌లో దాని అర్థమే కాగితపు పొర. పైగా ఈ ప్రాంతంలోని రక్తనాళాలు చాలావాటికి కవాటాలు ఉండవు. అందుకే క్రిములు ఎముకను తొలచకుండానే నాళాల వెంబడి కంటికి, మెదడుకు పోగలవు. గోడ చెక్కుచెదరకుండా ఉందంటే అవతల అంతా బాగుందని కాదు. ఈ పాఠమంతటికీ ఇదే మూలం.

ప్రతి సర్దికీ ఫిల్ము అక్కర్లేదు

1994లో అమెరికాలో మామూలు సర్ది పట్టిన 31 మంది పెద్దలకు సీటీ తీసి చూస్తే 27 మందికి బుగ్గ సైనసుల్లో తేడా కనిపించింది. మందులు లేకుండానే చాలామందికి రెండు వారాల్లో సర్దుకుంది. అంటే సైనసు మసకబారినంత మాత్రాన ప్రమాదమని కాదు. పిల్లలకు అనవసరంగా రేడియేషన్ ఇవ్వకూడదు కూడా. జబ్బు గోడ దాటిందన్న అనుమానం వచ్చినప్పుడే అసలైన పరీక్ష కావాలి.

ఎక్స్‌రే: పీఎన్ఎస్ ఎక్స్‌రేను నిలబెట్టిగాని కూర్చోబెట్టిగాని తీయాలి. అప్పుడే సైనసులో నీరుంటే అడ్డగీత కనిపిస్తుంది. పడుకోబెడితే ఆ గీత పోతుంది. కంటి లోపలి చీము గాని, మెదడు గాని ఇందులో కనిపించవు. కన్ను వాచినవాడికి ఎక్స్‌రే బాగుందని ధైర్యం చెప్పడం తప్పు.

సీటీ: 1971 అక్టోబరులో లండన్‌లో మొదటి రోగికి తీశారు. దీన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్‌కు, లెక్కలు కట్టిన కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో నీటికి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకు సుమారు మైనస్ 100 అని లెక్క. గాలి నల్లగా, ఎముక తెల్లగా, చీము బూడిద రంగులో కనిపిస్తుంది. అనుమానం ఉన్నప్పుడు అయోడిన్ కాంట్రాస్ట్ ఇచ్చి తీయాలి. అప్పుడు చీముగడ్డ అంచు తెల్లగా మెరిసి, నడుమ నల్లగా మిగులుతుంది. కాంట్రాస్టుకు ముందు అలర్జీ గురించి, కిడ్నీ జబ్బు గురించి అడగడం మరిచిపోవద్దు.

ఎం.ఆర్.ఐ.: మెదడు, దాని పొరలు, కావర్నస్ సైనస్ చూడటానికి ఇది మేలు. సీటీ బాగున్నా రోగి మత్తుగా ఉంటే ఇది చేయించాల్సిందే.

ఫిల్ములో ఏం చూడాలి?

కంటి వైపు పాకే జబ్బును 1970లో చాండ్లర్ అనే డాక్టరు ఐదు మెట్లుగా చెప్పారు. నేటికీ అదే వాడుతున్నారు.

1. రెప్ప, దాని చుట్టూ చర్మం మాత్రమే వాచి ఉండటం. కనుగుడ్డు వెనుక కొవ్వు శుభ్రంగా నల్లగా ఉంటుంది.
2. వెనుక కొవ్వులో బూడిదరంగు చారలు రావడం. అంటే జబ్బు లోపలికి పోయింది.
3. కాగితపు గోడకూ దాని మీది పొరకూ మధ్య చీము చేరడం. పప్పుబద్దలాగా ఉబ్బి, పక్కనున్న కండరాన్ని కంటి వైపు నెడుతుంది. మా తమ్ముడికి ఉన్నది ఇదే.
4. కంటిగుంత కొవ్వులోనే చీముగడ్డ కట్టడం. గుడ్డు ముందుకు పొడుచుకు వస్తుంది.
5. కావర్నస్ సైనస్‌లో రక్తం గడ్డకట్టడం. ఆ భాగం ఉబ్బి, కాంట్రాస్ట్ నిండక నల్లటి ఖాళీలు కనిపిస్తాయి. కంటి పై సిర లావవుతుంది. రెండో కన్ను కూడా వాచడం మొదలవుతుంది. ఇది ప్రాణం మీదికి తెచ్చే మెట్టు.

నుదుటి సైనసు సంగతి వేరు. నుదురు మెత్తగా ఉబ్బితే ఎముకకు చీము పట్టిందని అనుమానించాలి. దీన్ని పాట్స్ పఫీ ట్యూమర్ అంటారు. 18వ శతాబ్దంలో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ వర్ణించారు. పేరులో ట్యూమర్ ఉన్నా ఇది కంతి కాదు, చీము వాపు. ఎముక వెనుక గోడ అవతల కూడా చూడాలి. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య చీము కంది బద్దలాగా, పొర కింద చేరిన చీము నెలవంకలాగా, మెదడులో గడ్డ ఉంగరంలాగా కనిపిస్తుంది. మెదడు వైపు పోయే ఈ ప్రమాదం హైస్కూలు వయసు మగపిల్లల్లో ఎక్కువ. అంటే మన హాస్టళ్ల వయసే.

రేడియోగ్రఫీ చదివే తమ్ముళ్లకు ఒక మాట. సైనస్ సీటీ అనగానే ఎముక విండోలో మాత్రమే ఫిల్ము వేసి ఇవ్వడం అలవాటు. అందులో గోడలు అందంగా కనిపిస్తాయి గాని, కొవ్వులో చారలు, చీము సరిగా కనిపించవు. కన్ను వాచినవాడి ఫిల్మును మెత్తని కండ విండోలో కూడా వేయండి. పైనుంచి కోసినట్టు, ఎదురుగా కోసినట్టు రెండు వైపులా ఇవ్వండి. ఎడమ కంటిని కుడి కంటితో పోల్చి చూడండి.

2021 నేర్పిన పాఠం

కరోనా రెండో అలలో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం 2021 మే 20న దాన్ని తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి దానికి ప్రధాన కేంద్రం అయింది. షుగర్ అదుపులో లేనివాళ్లకు, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవాళ్లకు ఇది ఎక్కువగా సోకింది.

ఈ బూజు రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తుంది. అందుకే ఎముక గోడ నిలిచి ఉండగానే అవతలికి పోతుంది. సీటీలో బుగ్గ సైనసు వెనుక కొవ్వు మురికి పట్టినట్టు కావడం తొలి గుర్తుల్లో ఒకటి. రక్తం అందక చచ్చిన ముక్కు లోపలి కండ, కాంట్రాస్ట్ ఇచ్చిన ఎం.ఆర్.ఐ.లో మెరవకుండా నల్లగా ఉండిపోతుంది. అది చూసి వెంటనే ఆపరేషన్ చేసి, ఆంఫోటెరిసిన్ మొదలుపెట్టినవాళ్లకే బతికే ఆశ ఎక్కువ. ఇక్కడా పాఠం అదే. సైనసులో ఎంత నిండిందని కాదు, గోడ అవతల ఏముందని చూడాలి.

హాస్టల్లో మనం చేయగలిగింది

ఇంట్లో అయితే అమ్మ ముఖం చూసి కనిపెడుతుంది. హాస్టల్లో ఆ పని పక్క పరుపు మీద పడుకునే దోస్తుదే. వాచిన రెప్పను మెల్లగా ఎత్తి అడగండి: కనపడుతున్నదా? ఒకటి రెండుగా కనపడుతున్నదా? గుడ్డు అటూ ఇటూ తిప్పితే నొప్పి ఉందా? కండ్లకలక అయితే కన్ను ఎర్రబడి పుసులు కడుతుంది, చాలాసార్లు రెండో కంటికీ వస్తుంది, గుడ్డు పొడుచుకు రాదు, చూపు తగ్గదు.

సర్దితో పాటు ఇవి కనిపిస్తే పొద్దుదాకా ఆగొద్దు:

- కంటి చుట్టూ వాపు, దానికి తోడు జ్వరం
- చూపు తగ్గడం, రెండుగా కనిపించడం, గుడ్డు ముందుకు రావడం
- నుదుటి మీద మెత్తటి వాపు
- విపరీతమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం
- మత్తు, పొంతన లేని మాటలు, ఫిట్స్

వార్డెన్ సారును లేపండి. రాత్రయినా సరే, తిడతారని భయపడొద్దు. 108కి ఫోన్ చేయండి.

మా కాలంలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోనివే. పెద్ద జబ్బు అంటే వరంగల్ బస్సో రైలో ఎక్కాల్సిందే. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మీలో కొందరు అక్కడే డాక్టర్లుగా, నర్సులుగా, టెక్నీషియన్లుగా చదువుతారు. అర్ధరాత్రి ఒక హాస్టల్ పిల్లగాడు వాచిన కన్నుతో వస్తే ఆ ఫిల్మును మీరే చూడాల్సి రావచ్చు. అప్పుడు ఈ పాఠం గుర్తుకొస్తే, ఆనాడు మేం పోగొట్టిన రెండు రోజులు ఇంకొకరికి దక్కినట్టే.

మీ చదువులు బాగా సాగాలని కోరుతూ,

మీ అన్న, పూర్వ విద్యార్థి